చెరసాల నుంచి జైలు దాకా: నిర్బంధానికి తెలుగు పేర్లు

తెలుగువారి నిత్యవ్యవహారంలో నేడు నిర్బంధస్థలానికి నిలిచిన మాట దాదాపుగా ఒక్కటే: జైలు. ప్రభుత్వపత్రాలలో కారాగారం, పురాణకథలలో చెరసాల, సినిమా పేర్లలో ఖైదీ, గోల్కొండ కోట చూపించేవారి నోట బందీఖానా వినిపిస్తాయి గానీ, నలుగురు కూర్చుని మాట్లాడుకొనేటప్పుడు అన్నిటి స్థానాన్నీ జైలే ఆక్రమించింది. నిఘంటువులు వీటన్నిటినీ పర్యాయపదాలుగా చూపుతాయి. అయితే ఒక్కొక్క మాట ఒక్కొక్క కాలంలో, ఒక్కొక్క పాలనలో తెలుగులోకి వచ్చింది; ప్రతిదీ నిర్బంధంలోని వేరొక ముఖాన్ని చూపుతుంది. ఒకటి స్థలాన్ని చెబుతుంది, ఒకటి స్థితిని చెబుతుంది, ఇంకొకటి మనిషిని చెబుతుంది.

ఈ తేడా కేవలం భాషాశాస్త్ర వినోదం కాదు. బహ్రెయిన్ రాజధాని మనామాలో, సల్మానియా వంటి పేటలో ఉద్యోగం చేసుకొనే తెలుగువారికి ఊరి నుంచి ఒక్కోసారి ఇటువంటి కబురు వస్తుంది: “మావాణ్ణి జైల్లో పెట్టిన్రట అన్నా, జర అరుసుకో.” ఆ ‘జైలు’ పోలీసు ఠాణా కావచ్చు, విచారణకు ముందు ఉంచే నిర్బంధకేంద్రం కావచ్చు, దేశం నుంచి పంపించివేసే ముందు ఉంచే చోటు కావచ్చు, శిక్ష పడినవారి కారాగారం కావచ్చు. ఒక్కోసారి ఇవేవీ కాక, దేశం దాటరాదన్న ఆంక్ష మాత్రమే కావచ్చు. ఏది అన్నదానిని బట్టి ఎవరిని కలవాలో, ఏ కాగితం అడగాలో మారిపోతుంది. ఒకే మాటతో అన్నిటినీ చెప్పుకోవడం వల్ల తొలి రోజుల విలువైన సమయం పోతుంది. కనుక ఈ మాటల పుట్టుకనూ, వాటి మధ్య హద్దులనూ ఒకసారి పరిశీలించడం అవసరం.

చెర: గోడలు అక్కరలేని మాట

వీటన్నిటిలో పాతది, అచ్చంగా ద్రావిడమైనది చెర. పూర్వపు వ్రాతలో ఇది చెఱ, శకటరేఫంతో. తమిళంలో సిఱై, కన్నడంలో సెఱె దీని తోబుట్టువులు. తమిళ సిఱైకి బంధనమన్న అర్థంతో పాటు నీటికి అడ్డుకట్ట అన్న అర్థమూ ఉంది. మలయాళంలో చిఱ అంటే కట్ట, కుంట. పారేదాన్ని ఆపి నిలిపి ఉంచడమనే భావం ఈ రెండర్థాలనూ కలుపుతున్నది. మన చెఱువును కూడా ఈ వరుసలో పెట్టి చూస్తే, నీటిని నిలిపితే చెఱువు, మనిషిని నిలిపితే చెఱ అన్న పోలిక ఆలోచింపదగినదిగా కనిపిస్తుంది.

చెర అనేది మొదట స్థలం కాదు, స్థితి. లంకలో సీత ఉన్నది అశోకవనంలో. అక్కడ ఊచలు లేవు, తాళాలు లేవు. అయినా తెలుగువారు దానిని సీత చెర అనే అంటారు. చెరపట్టడం, చెరలో ఉండడం, చెర విడిపించడం అన్న క్రియలన్నీ మనిషికి స్వేచ్ఛ పోవడాన్ని, తిరిగి రావడాన్ని చెబుతాయే గాని గదిని గురించి చెప్పవు. గది కావలసివచ్చినప్పుడు దానికి సాల చేర్చి చెరసాల అన్నారు. సాల సంస్కృత శాలకు తద్భవం. తమిళంలో సిఱైచ్చాలై, కన్నడంలో సెరెమనె ఇదే పద్ధతిలో ఏర్పడినవి. మూడు భాషలవారూ ముందు స్థితికి పేరు పెట్టుకొని, దాని మీద స్థలానికి పేరు కట్టుకొన్నారన్నమాట.

ఈ తేడా గల్ఫు జీవితానికి బాగా పనికివస్తుంది. పాసుపోర్టు తన చేతిలో లేనివాడు, ప్రయాణనిషేధం పడినవాడు మనామా వీధులలో నడవగలడు, కూరగాయలు కొనుక్కోగలడు, కాని ఇంటికి పోలేడు. అతడు జైలులో లేడు. కాని చెరలో ఉన్నాడనడానికి తెలుగు అడ్డు చెప్పదు.

కారాగారం: ఇంటికి ఇల్లు

సంస్కృతం నుంచి వచ్చిన కారాగారంలో కారా, అగారం అన్న రెండు మాటలున్నాయి. అమరకోశం కారా అన్న పదానికే బంధనాలయమని అర్థం చెప్పింది. అగారమంటే ఇల్లు. కనుక కారాగారమంటే ‘చెరసాల ఇల్లు’ అన్నట్టే. ఇటువంటి ద్విరుక్తి భాషలో కొత్త కాదు. ‘గేటు తలుపు’ అన్నప్పుడూ ఇదే జరుగుతుంది. కౌటిలీయ అర్థశాస్త్రం వాడిన మాట బంధనాగారం. ధనాగారం, ధాన్యాగారం, ఆయుధాగారాలతో పాటు బంధనాగారాన్ని కూడా కట్టించడం సన్నిధాత అనే అధికారి విధి అనీ, అందులో స్త్రీలకూ పురుషులకూ వేరువేరు చోట్లు ఉండాలనీ ఆ గ్రంథం చెబుతుంది. అదే గ్రంథంలో చారకమన్న మరొక మాట కూడా నిర్బంధస్థలానికి కనిపిస్తుంది. అంటే రెండు వేల ఏళ్ళనాటి పాలనాభాషకే ఈ విషయంలో ఒక్క మాట చాలలేదు.

ఆధునిక తెలుగులో కారాగారం చట్టం భాష. సాధారణ కారాగార శిక్ష, కఠిన కారాగార శిక్ష, యావజ్జీవ కారాగార శిక్ష అన్న పదబంధాలు భారత శిక్షాస్మృతి అనువాదాలతో స్థిరపడ్డాయి. కఠినమంటే చీకటికొట్టు కాదు, పని చేయించే శిక్ష అని అర్థం. యావజ్జీవమంటే 14 ఏళ్ళన్న నమ్మకం జనంలో బలంగా ఉంది. ఆ మాటకు అక్షరార్థమే చట్టార్థం కూడా: జీవితం ఉన్నంతవరకు. 1961లో గోపాల్ వినాయక్ గాడ్సే కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చింది. 14 ఏళ్ళన్నది, మరణదండనకు తగిన నేరంలో యావజ్జీవం పడినవారిని ప్రభుత్వం శిక్ష తగ్గించి విడిచిపెట్టాలంటే గడవవలసిన కనీస కాలం మాత్రమే. గడువు తీరగానే తలుపు తెరుచుకొంటుందని కాదు.

ఖైదు, బందీఖానా: కోటలు నేర్పిన మాటలు

దక్కనులో సుల్తానుల పాలన, తరువాత నిజాము పాలన తెలుగుకు రెండు మాటలనిచ్చాయి. బందీఖానా పారసీకపు కూర్పు. ఖానా అంటే ఇల్లు. కార్ఖానా, తోపుఖానా, దవాఖానాలలో ఉన్నది ఇదే. బందీ బంధించబడినవాడు. సంస్కృతంలోనూ ఇదే అర్థంలో బందీ ఉండడం వల్ల ఈ మాట తెలుగువారికి పరాయిగా వినిపించలేదు. గోల్కొండలో అబుల్ హసన్ తానీషా కాలంలో కంచెర్ల గోపన్నను ఉంచారని చెప్పే గదిని నేటికీ రామదాసు బందీఖానా అనే పిలుస్తారు. భక్తులకు ఆ మాట వినగానే తోచేది తురుష్కపదమని కాదు, రామదాసు బాధ.

ఖైదు అరబ్బీ మాట. మూలంలో దానికి సంకెల, కట్టు అని అర్థం. పారసీకం, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చేసరికి బంధించడమన్న అర్థమే మిగిలింది. దాని నుంచి ఖైదీ పుట్టాడు. పల్లెలలో ఒత్తు పోయి కైదు అయింది. ప్రాచీన కావ్యాలలో ఆయుధమన్న అర్థంలో కనిపించే కైదువుకు, దీనికి సంబంధం లేదు. నియమమన్న అర్థంలో వాడే ఖాయిదా కూడా వేరే అరబ్బీ ధాతువు నుంచి వచ్చినది. ఇటువంటి పరభాషాపదాలు తెలుగులో ఎంతగా పాతుకొన్నాయంటే, చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1852లో తన తెలుగు నిఘంటువును ప్రకటించిన తరువాత, మిశ్రభాషాపదాల కోసం 1854లో ప్రత్యేకంగా మరొక నిఘంటువు వెలువరించవలసి వచ్చింది. కచ్చేరీలో నడిచే తెలుగు అర్థం కావాలంటే అది లేనిదే కుదరదు.

ఇప్పుడు బహ్రెయిన్‌కు వస్తే చిక్కు మొదలవుతుంది. తెలుగువాడు ఖైదు అన్న మాటను అరబ్బీ దేశంలో వింటే గుండె ఝల్లుమంటుంది. కాని నేటి అరబ్బీలో ఖైద్ అంటే నమోదు కూడా. నమోదు సంఖ్యను రఖ్మ్ అల్ ఖైద్ అంటారు. పని జరుగుతున్నదనడానికి కూడా ఖైద్ అన్న మాటనే వాడతారు. ‘పుస్తకానికి కట్టివేయడం’ నుంచి నమోదు అన్న అర్థం వచ్చింది. వ్యాపార నమోదుపత్రాన్ని సిజిల్ అంటారు. అది వినడానికి సిజ్న్‌కు దగ్గరగా ఉంటుంది. జైలును చెప్పే అసలు మాట ఆ సిజ్న్. అందులో ఉన్నవాడు సజీన్. సిజిల్‌కు, సిజ్న్‌కు చుట్టరికం లేదు.

మరొక మాట జామీను. తెలుగువారికి అది పూచీకత్తు, ముఖ్యంగా బెయిలు. మూలమైన అరబ్బీ మాటకు హామీ ఉండేవాడని అర్థం. అరబ్బీ న్యాయభాషలో బెయిలుకు వాడుకలో ఉన్న మాట కఫాలా. విదేశీ కార్మికుడికి పూచీగా ఉండే కఫీల్ వ్యవస్థకు ఉన్న పేరూ అదే. ఒకే మాట ఒకచోట ఉద్యోగానికి పూచీ, మరొకచోట విడుదలకు పూచీ. ‘కఫాలా కావాలంటున్నారు’ అన్న కబురు వస్తే, యజమానిని గురించి చెబుతున్నారా, బెయిలును గురించి చెబుతున్నారా అని అడిగి తెలుసుకోవడం మంచిది.

జైలు: పంజరం నుంచి వచ్చిన మాట

ఆంగ్లపాలన తెచ్చిన జైలుకు మూలం లాటిన్‌లో గూడు, పంజరం అన్న అర్థమిచ్చే మాట. అది పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరింది. ఇంగ్లీషులోని మరో మాట ప్రిజన్ ‘పట్టుకోవడం’ అన్న ధాతువు నుంచి వచ్చింది. మన చెరపట్టడం, హైదరాబాదు కచ్చేరీలలో నడిచిన గిరఫ్తారీ కూడా పట్టు మీద ఏర్పడినవే. ఏ భాషకైనా ఈ విషయంలో దొరికిన ఊహలు కొద్దే: కట్టడం, పట్టడం, అడ్డుకట్ట వేయడం, గూటిలో పెట్టడం.

జైలు తెలుగులో ఇంత త్వరగా ఇమిడిపోవడానికి దాని రూపం కూడా ఒక కారణం. రైలు, రైళ్ళు అన్నట్టుగా జైలు, జైళ్ళు. తేలు, వేలు అన్న అచ్చతెలుగు మాటల నడకే దానికి అబ్బింది. జైల్లో, జైలుకు, జైలుపాలు అన్న రూపాలు నోటికి తేలిక. జాతీయోద్యమం దీనికి గౌరవం కూడా తెచ్చింది. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని వ్రాసింది జైలులోనే. తెలంగాణలో నిజాము వ్యతిరేకపోరాట కాలంలో దాశరథి కృష్ణమాచార్య నిజామాబాదు జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు వ్రాశారు. ఆయనతో పాటు అక్కడ ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి తరువాత ‘జైలు లోపల’ కథలు వెలువరించారు. జైలుకు వెళ్ళడం అవమానం కాదన్న భావం ఆ తరానికి ఉండేది. నేటి వలసకార్మికుడి కుటుంబానికి ఆ మాట సిగ్గు, భయం మాత్రమే. మాట అదే, బరువు మారింది.

వాడుకలో మారుపేర్లు

సూటిగా చెప్పలేని చోట జనం మారుపేర్లు కల్పించుకొంటారు. కృష్ణుడు పుట్టింది చెరసాలలో కనుక జైలును శ్రీకృష్ణ జన్మస్థానమన్నారు. కూర్చోబెట్టి తిండి పెడతారు కనుక అత్తవారిల్లు అన్నారు. చిప్పకూడు తినడం, ఊచలు లెక్కపెట్టడం, కటకటాల వెనక్కి పోవడం, లోపలికి పోవడం, బొక్కలో పడడం అన్నీ ఒకటే. ఠాణాలోని గదికి కొట్టు అన్న పేరు నిన్నమొన్నటి దాకా వాడుకలో ఉంది; సామాను వేసే గదికి, మనిషిని వేసే గదికి తేడా లేదన్న చేదు నిజం ఆ మాటలో ఉంది.

అరబ్బీలో ఇందుకు పోలిక ప్రభుత్వభాషలోనే దొరుకుతుంది. బహ్రెయిన్‌లో ఖైదీకి అధికారికంగా వాడే మాట నజీల్. హోటలులో దిగిన అతిథికి కూడా అదే మాట. మనవారు ఎగతాళికి అత్తవారిల్లు అన్నదానిని అక్కడ మర్యాదకు అతిథి అన్నారు. ఆ దేశంలో 2014లో వచ్చిన 18వ చట్టం పేరులో జైలు లేదు. సంస్కరణ, పునరావాస సంస్థ అని ఉంది. మన దేశంలోనూ కేంద్రం 2023లో రూపొందించిన నమూనాచట్టం పేరులో జైళ్ళతో పాటు సంస్కరణ సేవలన్న మాట చేరింది.

ఊరిపేర్లే జైలుపేర్లు కావడం మరొక పద్ధతి. హైదరాబాదులో చంచల్‌గూడకు పోయాడంటే, చర్లపల్లిలో ఉన్నాడంటే, కోస్తాలో రాజమండ్రికి పంపారంటే వేరే వివరణ అక్కరలేదు. బహ్రెయిన్‌లో జౌ అలాంటి పేరు. అది దేశపు ఆగ్నేయతీరాన ఉన్న పల్లె, ప్రధాన కారాగారం అక్కడ ఉంది. విచారణలో ఉన్నవారిని ఉంచే చోటుకు హౌద్ అల్ జాఫ్ అని పేరు. ఓడలను మరమ్మతు చేసే ఎండురేవు అని దానికి అర్థం. కోట అన్న అర్థమిచ్చే అల్ ఖల్అ అంటే మనామాలోని పాతకోట, హోంమంత్రిత్వశాఖ ఉన్న చోటు. ఈ పేర్లు తెలిసినవారికి, ‘డ్రైడాకులో ఉన్నాడు’ అన్న కబురు వింటే పని చేస్తున్నాడో, నిర్బంధంలో ఉన్నాడో సందర్భాన్ని బట్టి తేలుతుంది. తెలియని కుటుంబం ఓడల పనికి కుదిరాడనుకొనే ప్రమాదం ఉంది.

సల్మానియా కూడా ఇటువంటి పేరే. అది మనామాలో ఒక పేట. కాని ‘సల్మానియాకు తీసుకుపోయారు’ అంటే పెద్ద ప్రభుత్వ వైద్యశాలకు తీసుకుపోయారని అర్థం. హైదరాబాదులో ఎర్రగడ్డ అనగానే మానసిక వైద్యశాల గుర్తుకు వచ్చినట్టు. ఇక వరంగల్లులో 2021లో పాత కేంద్ర కారాగారాన్ని పడగొట్టి, ఆ స్థలంలో పెద్ద వైద్యశాల కట్టడం మొదలుపెట్టారు. బందీఖానా ఉన్న చోటికి దవాఖానా వచ్చింది.

నిర్బంధితుడు, నిందితుడు, దోషి

మాటల పట్ల అజాగ్రత్త వల్ల ఎక్కువగా నష్టపోయేది మనిషిని చెప్పే పదాల దగ్గర. పోలీసులు పట్టుకొన్నవాడు నిర్బంధితుడు. అభియోగం ఉన్నవాడు నిందితుడు. న్యాయస్థానం ఆజ్ఞపై జైలులో ఉంటూ తీర్పు కోసం చూసేవాడు విచారణ ఖైదీ. తీర్పులో నేరం రుజువైనవాడు దోషి. శిక్ష అనుభవిస్తున్నవాడు శిక్షాఖైదీ. వ్యవహారంలో ఐదుగురినీ ఖైదీ అనేస్తారు. విదేశీ జైళ్ళలో ఉన్న భారతీయులు పదివేల పైచిలుకు అని విదేశాంగశాఖ 2025లో పార్లమెంటుకు చెప్పినప్పుడు, ఆ లెక్కలో విచారణ ఖైదీలు కూడా ఉన్నారు. ఆ సంఖ్యను ‘పదివేలమంది నేరస్థులు’ అని చదివితే తప్పు చదివినట్టే.

సల్మానియా వైద్యశాల చరిత్రలోనే దీనికి ఉదాహరణ ఉంది. 2011 ఆందోళనల తరువాత అక్కడి వైద్యసిబ్బందిలో పలువురిని నిర్బంధించారు. సెప్టెంబరులో ప్రత్యేక న్యాయస్థానం 20 మందికి 5 నుంచి 15 ఏళ్ళ వరకు శిక్షలు వేసింది. 2012 జూన్‌లో అప్పీలు న్యాయస్థానం వారిలో 9 మందిని నిర్దోషులుగా విడిచిపెట్టింది; మరి 9 మందికి శిక్షలు తగ్గించింది. ఆ 9 మంది ఏడాదిన్నర లోపల నిర్బంధితులు, నిందితులు, దోషులు, నిర్దోషులు అన్న నాలుగు మాటలనూ దాటి వచ్చారు. ‘జైలుకు వెళ్ళివచ్చినవారు’ అన్న ఒక్క మాట వారి సంగతి ఏమీ చెప్పదు.

బహ్రెయిన్ శిక్షాస్మృతిలో పెద్ద నేరాలకు విధించే నిర్బంధం సిజ్న్, చిన్న నేరాలకు విధించేది హబ్స్. విచారణకు ముందు ఆపి ఉంచడం తౌఖీఫ్. అలా ఆగినవాడు మౌఖూఫ్. అభియోగం ఉన్నవాడు ముత్తహమ్, శిక్ష పడినవాడు మహ్‌కూమ్. ఇంగ్లీషు అనువాదంలో ఇవన్నీ తరచుగా ఒకటైపోతాయి. తెలుగులోకి వచ్చేసరికి జైలు మాత్రమే మిగులుతుంది. చరిత్రలోని చిత్రమేమిటంటే, 1913లో జారీ అయిన బహ్రెయిన్ రాజశాసనం ద్వారా అక్కడ బ్రిటిషు అధికారపరిధిలో ఉన్నవారికి భారత శిక్షాస్మృతే వర్తించేది. ఒకనాడు రాజమండ్రిలోనూ, మనామాలోనూ కొందరికి శిక్ష వేసిన పుస్తకం ఒకటే.

ఈ భేదాల మీద హక్కులు ఆధారపడి ఉన్నాయి. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందంలోని 36వ అధికరణం అరెస్టుకూ, విచారణకు ముందు నిర్బంధానికీ, శిక్షకూ, మరే రూపంలోని నిర్బంధానికైనా వర్తిస్తుంది: నిర్బంధితుడు కోరితే అతని దేశపు దౌత్యకార్యాలయానికి ఆలస్యం లేకుండా తెలపాలి. కనుక దోషి అయ్యేదాకా ఆగనక్కరలేదు. దీనికి భిన్నంగా, మన 2003 నాటి ఖైదీల స్వదేశ బదిలీ చట్టం కింద మిగిలిన శిక్షను సొంతదేశంలో అనుభవించే వీలు, తీర్పు ఖాయమైన శిక్షాఖైదీకే ఉంటుంది. అదీ రెండు దేశాల మధ్య ఒప్పందం ఉండి, అతడు సమ్మతించినప్పుడు. విచారణ ఖైదీ తరఫున ఆ దరఖాస్తు పెట్టడం కాలహరణం. ఖైదీ ఒప్పుకోనిదే అతని వివరాలు బయటపెట్టని దేశాలున్నాయి. అందుచేత తెలిసినవారెవరో అడిగితే సమాధానం రాకపోవడం అతడు అక్కడ లేడనడానికి గుర్తు కాదు.

ఊరి నుంచి ‘జైల్లో పెట్టిన్రట’ అన్న కబురు వచ్చినప్పుడు విదేశంలోని చదువుకొన్న తెలుగువారు చేయగల మొదటి సాయం ఆ మాటను విడదీయడమే. ఎక్కడ ఉంచారు: ఠాణాలోనా, హౌద్ అల్ జాఫ్‌లోనా, జౌలోనా? ఏ స్థితిలో ఉన్నాడు: మౌఖూఫా, ముత్తహమా, మహ్‌కూమా? అడ్డం దేనికి: మనిషికా, ప్రయాణానికా, పాసుపోర్టుకా? పాసుపోర్టు సంఖ్య, బహ్రెయిన్ గుర్తింపుకార్డు సంఖ్య, కేసు సంఖ్య ఏమిటి? ఈ ప్రశ్నలకు జవాబులు ఒక కాగితం మీద వ్రాసుకొని దౌత్యకార్యాలయానికి గాని న్యాయవాదికి గాని ఇస్తే, వారు మొదటిరోజే సరైన చోట విచారించగలుగుతారు. ఇంటివారికి కబురు చెప్పేటప్పుడు కూడా ‘జైలు’ అనకుండా, ‘విచారణ కోసం ఆపారు, ఇంకా తీర్పు రాలేదు’ అని తెలుగులో ఉన్న మాటలతోనే చెప్పవచ్చు.